కొక్కెం

యార్డులో నా చేతి కొక్కెం గోతాన్ని కొరుకుతుంది.
టిక్కీ మెడ దగ్గర గుచ్చి
ఒక్క ఊపున భుజానికి తెచ్చుకుంటాను.
ఇరవై రెండేళ్ళుగా అదే పని.

ఇంట్లో ఇంకోటి ఉంది, దానికి మొన లేదు.
లేతు షాపు మస్తాన్ వలి అరగదీసి, గుండ్రంగా వంచి ఇచ్చాడు.
ఎందుకని అడిగాడు. చెప్పాక డబ్బులు తీసుకోలేదు.

అది గుమస్తా కోసం.

బ్రాడీపేట నాలుగో లైనులో ఒక కుర్రాడు
బొటనవేలంత ఉన్నప్పుడు కొని
పిక్కంత అయ్యాక భయపడ్డాడు.
గాజు పెట్టెను మూడంతస్తులు దించడానికి నన్ను పిలిచారు.
దించాను. కింద ఎక్కించుకునేవాళ్ళు ఎవరూ రాలేదు.
కాగితాలతో సహా నాకే మిగిలింది
తొమ్మిదడుగుల పరదేశి బోవా.
సంగడిగుంటలో మా రెండు గదుల్లో ఒకటి దానిది.

పేరు నేనే పెట్టాను.
కాటా దగ్గర మా గుమస్తా కూడా అంతే,
కదలడు, రెప్ప వేయడు,
లెక్క దగ్గరికొస్తే మాత్రం చెయ్యి కనపడదు.

నాగుల చవితికి వీధి ఆడవాళ్ళు
పాలు, చలిమిడి పట్టుకుని గడప దాకా వచ్చారు.
ఇది పాలు తాగదు పిన్నీ, అన్నాను.
మరేం తింటుంది నాయనా?
ఐసు పెట్టెలో ఎలుకల సంగతి చెప్పలేదు.
ఆ పెట్టె మీదే చలిమిడి పెట్టి వెళ్ళారు.

నెలకొక్కటి.
వేణ్ణీళ్ళలో మంచు వదిలించి, పొడుగు పట్టకారుతో చూపిస్తే
తల ముందుకొచ్చిందని మనకు తెలిసేలోపే
అయిపోయి ఉంటుంది.
చుట్టలు బిగిసే చప్పుడుండదు.
తడి గోనె పిండుతున్నట్టు, అంతే.

మిగతా రోజుల్లో తలుపు తీయగానే
మొన లేని కొక్కెంతో నడుం మీద రెండుసార్లు తడతాను.
ఈవేళ తిండి లేదు, నేనే.
అది నాలుక ఒకసారి చాపి, తల దించుతుంది.
అప్పుడెత్తుకుంటే
ఎండల్లో కొత్త కుండ మోసినంత చల్లన.

ఆ ఆదివారం తట్టలేదు.
కోడిని కోసి, చేతులు ఉత్త నీళ్ళతో కడిగి,
కూర ఉడికేలోపు దాని నీళ్ళ గిన్నె మారుద్దామని

మణికట్టు.
ఆపైన మోచేతి దాకా మూడు చుట్లు.
నొప్పి కంటే ముందు సిగ్గేసింది.
వేళ్ళు తేజ కాయల్లా ఎర్రబడి, తర్వాత వంకాయల్లా.

లాగకు నాన్నా, అని కెజియా అరిచింది,
పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, చీరుకుపోతుంది.
ఏడాదిగా ఆ గది గడప తొక్కని సామ్రాజ్యం
వచ్చి తోక పట్టుకుంది.
తల వైపు నుంచి కాదని ఎవరు చెప్పారో.
కూతురి జడ చిక్కు తీసే చేతులతో
ఒక్కో చుట్టూ విప్పుకుంటూ వచ్చింది,
నన్నో దాన్నో తెలియకుండా తిడుతూ.
పెదవి పక్కన స్పిరిట్ చుక్క తగిలాక
గుమస్తా నోరు తెరిచాడు.
మూలకు పోయి చుట్టుకున్నాడు.

పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరు అడిగాడు, విషమా?
లేదండీ, ఆకలి.
అరచందమామలా ఉన్న చుక్కల్ని లెక్కపెట్టి టీటీ వేశాడు.

ఆ రాత్రి కట్టు కింద సలుపుతుంటే గుర్తొచ్చింది.
నాకు ఏడేళ్ళు. మా పొయ్యి రెండు రోజులుగా వెలగలేదు.
చర్చిలో ప్రేమవిందు.
వడ్డిస్తున్న అబ్రహాం తాత వేలు
ముద్దతో పాటు కొరికేశాను.
ముద్దే కనపడింది, మనిషి కనపడలేదు.
ఆయన కొట్టలేదు.
మళ్ళీ వడ్డించేముందు
నా నెత్తిన చేత్తో మెల్లగా తట్టాడు.

ఇప్పుడు మొన ఉన్న కొక్కెం వాకిట్లో,
మొన లేనిది గది తలుపుకి.
తట్టకుండా ఎవరూ లోపలికి వెళ్ళరు.

సామ్రాజ్యం మాత్రం
నాకు అన్నం పెట్టేముందు
కంచం అంచు మీద గరిటెతో రెండుసార్లు కొడుతుంది.
నవ్వదు.